కప్పు ఖర్చు ఒకటే, ఇంటి విలువ వేరు

ఇంటి పైకప్పు వేయడానికి అయ్యే ఖర్చు ఆ ఇంట్లో ఉండేవారి ఒంటి రంగును బట్టి మారదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న న్యూ ఆర్లీన్స్ నగరంలో పైకప్పు పనివారు వంద చదరపు అడుగులను ఒక స్క్వేరుగా లెక్కగట్టి ధర చెబుతారు. చెక్క పలకలు, వాటి మీద నీరు దిగని పొర, ఆపైన తారు పెంకులు, మేకులు, కూలి. శ్వేతజాతీయులు ఎక్కువగా నివసించే లేక్‌వ్యూ పేటలోనైనా, నల్లజాతివారు నివసించే లోయర్ నైన్త్ వార్డులోనైనా ఈ సరుకూ ఈ శ్రమా ఒకటే. అయినా 2005 నాటి కత్రినా హరికేన్ తర్వాత ఈ రెండు పేటల ఇళ్లను తిరిగి నిలబెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో తేడా వచ్చింది. ఆ నిబంధనల్లో జాతి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ మాట లేకుండానే ఆ తేడా ఎలా వచ్చిందన్నది కులాన్ని అధ్యయనం చేసే మన విద్యార్థులు శ్రద్ధగా చదవవలసిన పాఠం. ఎందుకంటే మన విపత్తు సాయం నిబంధనల్లో కూడా కులం అన్న మాట ఉండదు.

2005 ఆగస్టు 29న కత్రినా తీరం దాటింది. నగరంలో దాదాపు ఎనభై శాతం నీట మునిగింది. వేలాదిమంది తలదాచుకున్న సూపర్‌డోమ్ క్రీడా మందిరం కప్పుపొర గాలికి చిరిగి లేచిపోగా, లోపలున్నవారికి నెత్తిమీద ఆకాశం కనిపించింది. 17వ వీధి కాలువ గోడ కూలి లేక్‌వ్యూ మునిగింది. ఇండస్ట్రియల్ కాలువ గోడ కూలి లోయర్ నైన్త్ వార్డు కొట్టుకుపోయింది. అంటే నీరు రెండు పేటల్లోకీ వచ్చింది. ప్రకృతి వివక్ష చూపదని మనవాళ్లు తరచూ అనే మాట అంతవరకూ నిజమే. తేడా అంతా నీరు తీసిన తర్వాత మొదలైంది.

ఇళ్ల పునర్నిర్మాణానికి కేంద్ర గృహనిర్మాణ శాఖ నిధులతో లూసియానా రాష్ట్రం ‘రోడ్ హోమ్’ అనే పథకం పెట్టింది. సుమారు 1,30,000 మంది ఇంటి యజమానులకు దాదాపు 900 కోట్ల డాలర్లు పంచిన పథకం ఇది. ఒక్కో ఇంటికి గరిష్ఠంగా 1,50,000 డాలర్లు. ఆ పరిమితికి లోబడి ఎవరికి ఎంత ఇవ్వాలన్నది తేల్చే సూత్రం చాలా సరళమైనది. తుపానుకు ముందు ఇంటి మార్కెట్ విలువ ఎంత, ఇప్పుడు దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఎంత, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్నుంచి బీమా తదితర రూపాల్లో వచ్చిన సొమ్ము తీసివేసి మిగిలింది ఇవ్వాలి.

వినడానికి ఇందులో అన్యాయమేమీ కనిపించదు. ప్రజాధనం కాబట్టి తక్కువ మొత్తాన్నే ఇవ్వాలన్న పొదుపు బుద్ధి కూడా కనిపిస్తుంది. కానీ ఒక ఉదాహరణ వేసుకుని చూడండి. ఒకే విస్తీర్ణంలో, ఒకే కాలంలో కట్టిన రెండు ఇళ్లు. రెంటికీ కప్పుతో సహా మరమ్మతుకు 1,50,000 డాలర్లు అవుతుంది. మొదటి ఇల్లు శ్వేతజాతీయుల పేటలో ఉంది, తుపానుకు ముందు దాని విలువ 2,00,000 డాలర్లు. రెండో ఇల్లు నల్లజాతివారి పేటలో ఉంది, దాని విలువ 70,000. మొదటి ఇంటికి మరమ్మతు ఖర్చు లెక్కన 1,50,000 వస్తాయి. రెండో ఇంటికి మార్కెట్ విలువ లెక్కన 70,000 వస్తాయి. కప్పు వేసేవాడు రెండో ఇంటివారిని సగం ధర అడగడు. మిగిలిన 80,000 ఆ కుటుంబం ఎక్కడినుంచో తేవాలి. తేలేకపోతే గోడలు లేపి కప్పు వదిలేయాలి, లేదా ఊరే వదిలేయాలి.

ఇక రెండో ఇంటి విలువ 70,000 మాత్రమే ఎందుకైందన్న ప్రశ్న. అసలు కథంతా అక్కడ ఉంది. 1930ల్లో అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ నగరాల పటాలు గీయించి, అప్పులివ్వడానికి ‘ప్రమాదకరమైన’ పేటలకు ఎర్ర రంగు పూసింది. నల్లజాతివారు ఉండటమే ఆ ప్రమాదానికి ఒక సూచికగా లెక్కకు వచ్చింది. అప్పు పుట్టని చోట కొనేవారు ఉండరు. కొనేవారు లేని చోట ధర పెరగదు. ధర పెరగని చోట పన్ను రాదు, బడి బాగుపడదు, కాలువ తవ్వరు. కాలువ తవ్వని చోట ధర మళ్లీ పడిపోతుంది. మూడు తరాలు ఇలా గడిచాక ‘మార్కెట్ విలువ’ అనే ఒక అంకె మిగులుతుంది. ఆ అంకెలో ఎర్ర రంగు కనబడదు. దాన్ని 2006లో ఒక గుమాస్తా తన దరఖాస్తు గడిలో నింపుకున్నప్పుడు అతనికి ఏ దురుద్దేశమూ ఉండనక్కరలేదు. గతకాలపు వివక్ష ఆ గడిలోంచి నడిచి వర్తమానంలోకి వచ్చేస్తుంది. లోయర్ నైన్త్ వార్డు విషయంలో ఇంకో విషాదం ఉంది. అది పేద పేట అన్నమాట నిజమే గానీ, అక్కడ సొంత ఇల్లున్న కుటుంబాల నిష్పత్తి నగర సగటు కంటే ఎక్కువ. తాతలు కష్టపడి కట్టుకున్న ఇళ్లు అవి. ఇల్లు కట్టుకోవడంలో వారు ఎవరికీ తీసిపోలేదు. ఆ ఇంటికి సమాజం కట్టిన వెలలోనే తీసికట్టు.

2008 నవంబరులో గ్రేటర్ న్యూ ఆర్లీన్స్ ఫెయిర్ హౌసింగ్ యాక్షన్ సెంటర్, నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్, వారితోపాటు అయిదుగురు నల్లజాతి ఇంటి యజమానులు కోర్టుకెక్కారు. ఎవరో ఒక అధికారి జాతి ద్వేషంతో ప్రవర్తించాడన్నది వారి ఆరోపణ కాదు. సూత్రం పైకి తటస్థంగా ఉన్నా దాని ఫలితం ఒక జాతి మీద అసమానంగా పడుతోందన్నది వారి వాదన. 2010లో జిల్లా కోర్టు ప్రాథమిక దశలో ఈ వాదనవైపు మొగ్గింది, తర్వాత అప్పీలు కోర్టు దానితో ఏకీభవించలేదు. తుది తీర్పు రాకుండానే 2011 జూలైలో కేసు రాజీతో ముగిసింది. అప్పటిదాకా ఇళ్లు పూర్తిచేసుకోలేకపోయిన కొందరు యజమానులకు మరో 6.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తుపాను వచ్చి అప్పటికి ఆరేళ్లు. మొత్తం పథకం ఖర్చుతో పోలిస్తే ఈ సొమ్ము ఏపాటిదో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు. 2022లో ప్రోపబ్లికా సంస్థ స్థానిక పత్రికతో, టీవీ చానెల్‌తో కలిసి లెక్కలు మళ్లీ తిరగేసినప్పుడు, అన్ని సాయాలూ అందిన తర్వాత కూడా అతి పేద ప్రాంతాల వారు పునర్నిర్మాణ ఖర్చులో 30 శాతం సొంతంగా భరించవలసి వచ్చిందనీ, సంపన్న ప్రాంతాల్లో ఆ లోటు 20 శాతమేననీ తేలింది.

దీనికి కొసమెరుపు అనదగ్గ ఘట్టం మరొకటి ఉంది. ఇళ్లను ఎత్తు పెంచుకోవడానికి రోడ్ హోమ్ కింద 30,000 డాలర్ల విడి సాయం ఇచ్చారు. గోడలకూ కప్పుకూ డబ్బు చాలని కుటుంబాలు ఆ సొమ్మును మరమ్మతులకు వాడుకున్నాయి. కప్పులేని ఇంటిని ఎత్తు పెంచుకుని ఏం చేయాలి? ఆ తర్వాత రాష్ట్రం అలాంటి సుమారు 3,500 మంది మీద డబ్బు తిరిగి కట్టమని దావాలు వేసింది. 2023 ఫిబ్రవరిలో గానీ ఆ దావాలను విరమించుకోవడానికి ఒప్పుకోలేదు. తక్కువ ఇచ్చినవాడు, ఆ తక్కువను సర్దుకున్నందుకు శిక్షించడానికి కూడా సిద్ధపడ్డాడన్నమాట.

ఇక్కడ పైకప్పు గురించి రెండు మాటలు చెప్పాలి. తుపాను గాలి కప్పును పైనుంచి నొక్కి కూల్చదు, కింది అంచును పట్టుకుని పైకి పీకుతుంది. చూరు దగ్గర ఒక పెంకు లేస్తే దాని సందులోంచి గాలి దూరి పక్క పెంకును లేపుతుంది. పలకల మధ్య సందుల్లోంచి వాన లోపలికి కారుతుంది, నాలుగు రోజుల్లో గోడలు బూజుపడతాయి. కాబట్టి గట్టి కప్పు అంటే ఖరీదైన కప్పు కానక్కరలేదు. చూరు అంచును బిగించడం, మామూలు మేకుల బదులు మరలువంటి గాట్లున్న మేకులు వాడటం, పలకల సందులను మూసివేయడం, ఇంతే. మన తీరంలో రేకుల ఇళ్లవారు రేకుల మీద బండరాళ్లు, ఇసుక బస్తాలు పెట్టుకోవడం వెనక ఉన్న తెలివి కూడా ఇదే. రేకును వాసానికి పట్టి ఉంచే కొక్కేలు ఎన్ని వేశారు, ఎంత దగ్గరగా వేశారు అన్నదాని మీద ఆ ఇంటి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. ఇది చిన్న ఖర్చే. కానీ ఆ చిన్న ఖర్చు తుపానుకు ముందు చేతిలో ఉండాలి.

కత్రినా తర్వాత అమెరికా కేంద్ర ప్రభుత్వం న్యూ ఆర్లీన్స్ చుట్టూ వరద గోడలను, గేట్లను, పంపులను సుమారు 1,450 కోట్ల డాలర్లతో కట్టింది. సరిగ్గా పదహారేళ్లకు, 2021 ఆగస్టు 29న, ఐడా హరికేన్ గంటకు 150 మైళ్ల గాలులతో లూసియానాను తాకింది. గోడలు నిలిచాయి. నగరం మునగలేదు. కానీ కప్పులు లేచిపోయాయి. నీలిరంగు ప్లాస్టిక్ పట్టాలు కప్పిన ఇళ్లు మళ్లీ బారులు తీరాయి. సైన్యపు ఇంజనీర్లు కప్పే ఆ పట్టాలు నెల రోజుల తాత్కాలిక రక్షణకు ఉద్దేశించినవి. డబ్బు లేనివారి ఇళ్ల మీద అవి నెలల తరబడి ఎండకు చిరుగుతూ ఉండిపోతాయి. వరద గోడ ఊరందరిదీ. అది నిలిచినప్పుడు అందరినీ కాపాడుతుంది. కప్పు ఎవరిది వారిదే. రక్షణలో ఏ భాగాన్ని సమష్టి బాధ్యతగా తీసుకుంటామో అక్కడ అసమానత తగ్గుతుంది, ఏ భాగాన్ని ఇంటివాడికి వదిలేస్తామో అక్కడ తాతల నాటి అసమానత యథాతథంగా తిరిగి వస్తుంది. ఐడా తర్వాత లూసియానాలో డజను వరకు బీమా కంపెనీలు చేతులెత్తేశాయి. ఇతరులెవరూ బీమా ఇవ్వనప్పుడు ఆశ్రయించే ప్రభుత్వ సంస్థ 2023లో తన ప్రీమియాన్ని సగటున 63 శాతం పెంచింది. అదే ఏడాది నుంచి రాష్ట్రం గట్టి కప్పులకు 10,000 డాలర్ల వరకు సాయం ఇస్తోంది. లాటరీ తీసి ఇస్తోంది. దరఖాస్తుదారు సొంత ఇంట్లో ఉండాలి, అప్పటికే బీమా ఉండాలి, తనిఖీ రుసుము కట్టుకోవాలి, పదివేలు దాటిన ఖర్చు భరించాలి. అద్దెకుండేవారికి ఇందులో చోటు లేదు. బీమా కట్టలేక మానేసిన వారికీ లేదు. కప్పు ఎవరికి అత్యవసరమో సరిగ్గా వారినే ఏరి పక్కన పెట్టే షరతులివి.

దస్తావేజుల సమస్య వేరే ఉంది. వీలునామా లేకుండా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డలకు చేతులు మారిన ఇళ్లు అమెరికా దక్షిణాది నల్లజాతి కుటుంబాల్లో విస్తారం. కోర్టులూ వకీళ్లూ తమవి కావని తరతరాలుగా అనుభవంతో తెలిసినవారు కాగితాల జోలికి వెళ్లరు. ఇంటి పన్ను కడుతున్నా, పుట్టి పెరిగిన ఇల్లైనా, యాజమాన్యం రుజువు కాలేదన్న కారణంతో ఇలాంటి ఎన్నో కుటుంబాలు సాయానికి దూరమయ్యాయి. కేంద్ర విపత్తు సంస్థ 2021లో గానీ ఈ నిబంధనను సడలించి స్వీయ ధ్రువీకరణను ఒప్పుకోలేదు.

ఈ కథ వింటున్న తెలుగు పాఠకుడికి పోలిక ఎక్కడుందో ఇప్పటికే తట్టి ఉంటుంది. ఈ పోలిక కొత్తది కాదు. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరీ’ని బానిసల విముక్తి కోసం నిలబడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అంబేడ్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డ్యుబాయ్స్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతిని పంపమని కోరాడు. డ్యుబాయ్స్ సానుభూతితో బదులిచ్చాడు. 2020లో ఇసబెల్ విల్కర్‌సన్ అమెరికా జాతి వ్యవస్థను కులంగానే వర్ణిస్తూ పుస్తకం రాసింది. జాతీ కులమూ ఒకటేనని నేను అనను. కులానికి మత గ్రంథాల మద్దతుంది, అంతర్గత మెట్లున్నాయి, పేరులోనూ పెళ్లిలోనూ పేటలోనూ అది దాగి ఉంటుంది. అందుకే పోలికను వ్యవస్థల మధ్య కాకుండా వాటి పనితీరులో వెతకడం మేలు. తటస్థంగా కనబడే ఒక నిబంధన పాత అంతస్తును కొత్త అంకెగా మార్చే పద్ధతి రెండుచోట్లా ఒకటే.

అసలు మన దగ్గర ఇంటి కప్పు ఎన్నడూ ఉత్త కప్పు కాదు. అంటరానివారికి నేరమని సమాజం భావించిన పనుల జాబితాను అంబేడ్కర్ ఒకచోట ఇచ్చాడు. మరణానంతరం వెలువడిన ఆయన రచనల్లో అది ఉంది. శుభ్రమైన బట్ట కట్టడం, చెప్పులు తొడగడం, గుర్రమెక్కడం వంటివాటి సరసన పెంకుటిల్లు కట్టుకోవడం కూడా ఆ జాబితాలో ఒక నేరం. మన ఊళ్లలో పూరిల్లు, రేకుల ఇల్లు, పెంకుటిల్లు, డాబా అనే మాటలు కేవలం కట్టుబడి రకాలను చెప్పవు. ఆ ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉందో కూడా చాలావరకు చెప్పేస్తాయి. నిన్నటిదాకా పెంకు కప్పుకునే హక్కే లేనివారి ఇంటికి, ‘అది పెంకుటిల్లు కాదు కదా’ అని నేడు తక్కువ పరిహారం లెక్కగట్టడం ఎంత విడ్డూరమో ఆలోచించండి.

విడ్డూరమన్నది నా అతిశయోక్తి కాదు. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్ర హోంశాఖ ఖరారు చేసిన విపత్తు సహాయ నిధి నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతంలో పూర్తిగా లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి, పక్కా అయినా కచ్చా అయినా, 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం మేర పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసె దెబ్బతిన్నా, మొత్తంగా పోయినా 8,000. అంటే సర్వస్వం పోయిన గుడిసెవాసికి, ఇల్లు పోయిన వ్యక్తికి ఇచ్చేదాంట్లో పదిహేనో వంతు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ జీవోలతో అప్పుడప్పుడు దీనికి కొంత కలుపుతుంటాయి, అయితే నిష్పత్తి చెప్పేది మాత్రం ఇదే.

మరి గుడిసె అంటే ఏమిటి? కచ్చా ఇంటికన్నా నాసిరకమైన, ఆకులూ మట్టీ ప్లాస్టిక్ వంటివాటితో వేసుకున్న తాత్కాలిక నివాసం, జిల్లా యంత్రాంగం సంప్రదాయంగా గుడిసెగా గుర్తించేది, అని నిబంధన చెబుతుంది. ఈ నిర్వచనం దగ్గర కాస్త ఆగాలి. కృష్ణా తీరంలోనో, కోనసీమలోనో మట్టిగోడ, నిట్రాడు, తాటాకు కప్పు ఉన్న ఇల్లు ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఒక కుటుంబం అందులో కాపురం చేస్తోంది. అది కచ్చా ఇల్లా, గుడిసా? తుపాను వెలిసిన నాలుగోరోజు నష్టం నమోదుకు వచ్చిన ఉద్యోగి తన గడిలో ఏ మాట రాస్తాడో అది. ఆ ఒక్క మాట ఖరీదు 1,12,000 రూపాయలు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి పశువుల కొట్టం పక్కన ఉన్న వంటపాక కచ్చా ఇల్లవుతుంది, వాడలోని మట్టి ఇల్లు గుడిసె అవుతుంది అని ఎవరైనా చెబితే మన గ్రామాలు తెలిసినవారు ఆశ్చర్యపోరు. ఉద్యోగి చెడ్డవాడు కానక్కరలేదు. ‘సంప్రదాయంగా గుర్తించేది’ అన్న మాటే అతని చేత ఆ పని చేయిస్తుంది. సంప్రదాయం దేనిని గుర్తిస్తుందో మనకు తెలియనిదా?

దీనికి తోడు ఇంకో షరతు ఉంది. దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలి. పోరంబోకులో, కాలువ గట్టు మీద, సముద్రపు ఒడ్డున, విశాఖపట్నం కొండవాలు మీద ఇల్లు వేసుకున్నవారు అక్కడ వినోదానికి వేసుకోలేదు. ఊరి మధ్య స్థలం వారికి ఎవరూ అమ్మలేదు, అమ్మినా కొనగల స్థితి లేదు. తెలుగులో పట్టా అన్న మాటకు రెండర్థాలుండటం ఒక చిత్రం. కప్పు మీద కప్పుకునే టార్పాలిన్‌నూ పట్టా అంటాం, స్థలం మీద హక్కు పత్రాన్నీ పట్టా అంటాం. ప్రతి తుపానుకూ మొదటి పట్టాను నాయకులు స్వహస్తాలతో పంచి ఫొటోలు దిగుతారు. రెండో పట్టా లేనందువల్లే ప్రతిసారీ మొదటిదాని అవసరం వస్తోందన్న సంగతి ఆ ఫొటోలో కనబడదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది మరణించారు. గట్టి కట్టడం అందుబాటులో ఉన్నవారు బతికారు, తాటాకు కింద ఉన్నవారు పోయారు. పోయినవారిలో వ్యవసాయ కూలీలూ మత్స్యకారులే అత్యధికం. ఆ తర్వాత తీరం వెంబడి తుపాను రక్షిత భవనాలు కట్టారు, హెచ్చరిక వ్యవస్థ మెరుగైంది, ప్రజలను ముందుగా తరలించడం నేర్చుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరాన్ని తాకి విమానాశ్రయం కప్పునే చీల్చివేసినా మరణాలు వందలోపే ఉన్నాయి. ఇది చిన్న విజయం కాదు. న్యూ ఆర్లీన్స్ వరద గోడలాగే ఇదీ సమష్టి రక్షణ సాధించిన విజయం. కానీ ప్రాణాలతో ఇంటికి తిరిగి వచ్చినవారికి ఇల్లు కనబడలేదు. విమానాశ్రయం కప్పు సర్కారు ఖర్చుతో తిరిగి లేచింది. జాలరిపేటల రేకులు ఎవరివి వారే ఏరుకుని, వంగినవాటిని సుత్తితో సాపుచేసి మళ్లీ వేసుకున్నారు. ఇక్కడ కుల ప్రశ్న షెడ్యూల్డ్ కులాలతో ఆగిపోదు. జాలరి, వాడబలిజ వంటి తీరప్రాంత కులాలు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నాయి. వారి వాడలు కెరటానికి అందరికన్నా దగ్గర.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: గుడిసె కట్టడానికి అయ్యేది తక్కువే కాబట్టి పరిహారమూ తక్కువే ఉండాలి కదా? పోయిన వస్తువు విలువను తిరిగి ఇవ్వడమే సాయం ఉద్దేశమైతే ఈ ప్రశ్న సబబే. రోడ్ హోమ్ సూత్రం కూడా సరిగ్గా ఆ తర్కం మీదే నిలబడింది. కానీ విపత్తు సాయం ఉద్దేశం మనిషి మళ్లీ ఒక చూరు కింద బతకగలగడం. పోయిన గుడిసెకు గుడిసె విలువ ఇస్తే మళ్లీ గుడిసే లేస్తుంది, మరుసటి తుపానులో మళ్లీ అదే పోతుంది. ప్రతి తుపానుకూ ఎనిమిదేసి వేలు ఇస్తూ పోయే ప్రభుత్వం, మొత్తం మీద ఒక మంచి కప్పుకన్నా ఎక్కువే ఖర్చు పెడుతుంది. పొదుపు కోసమైనా ఇది తెలివైన పని కాదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది, మా తరగతి గదిలో ప్రతి ఏడాదీ వినిపించేది: ఇది పేదరికం సమస్య, దీనిలోకి కులాన్ని ఎందుకు లాగుతారు? గుడిసెలో ఏ కులం పేదవాడు ఉన్నా వచ్చేది ఎనిమిది వేలే కదా? నిజమే. లోయర్ నైన్త్ వార్డులో శ్వేతజాతి పేదకుటుంబం ఉన్నా సూత్రం ఆ కుటుంబాన్నీ దెబ్బతీసేది. ప్రశ్న అది కాదు. గుడిసెల వరుసలో ఎవరెవరు ఎంత నిష్పత్తిలో ఉన్నారు, ఎందుకు ఉన్నారు అన్నది ప్రశ్న. న్యూ ఆర్లీన్స్‌లో ఆ ప్రశ్న కోర్టుదాకా వెళ్లగలగడానికి ఒక కారణం, ఎవరికి ఎంత అందిందో జాతివారీగా చూడగల సమాచారం దొరకడం. మన దగ్గర నష్టం నమోదు పత్రంలో ఇంటి రకం ఉంటుంది, ఆధార్ సంఖ్య ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది. కులం వారీగా ఎవరికి ఏ వర్గీకరణ దక్కింది, ఎన్ని దరఖాస్తులు ఏ కారణంతో తిరస్కరించారు అన్న లెక్క మాత్రం జనం ముందుకు రాదు. లెక్క లేదు కాబట్టి వివక్ష లేదంటారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులకు సహాయ శిబిరాల్లో, సాయం పంపిణీలో ఎదురైన వివక్షను హక్కుల సంస్థలు నమోదు చేశాయి. భారతదేశంలో విపత్తు సాయం కులాన్ని చూడ నిరాకరించడం వల్లనే పరిస్థితిని మరింత దిగజార్చిందని 2007లో టిమొతీ గిల్ ఒక నివేదిక రాశాడు. కులాన్ని చూడకపోవడం నిష్పాక్షికత కాదన్న ఆ మాటను మన విపత్తు నిర్వహణ శాఖలు ఇప్పటికీ చెవిన పెట్టలేదు.

చట్టపరంగా దారి మూసుకుపోయి లేదు. 2021 మార్చిలో సైన్యంలోని మహిళాధికారుల శాశ్వత కమిషన్‌కు సంబంధించిన నితీశా కేసులో సుప్రీంకోర్టు పరోక్ష వివక్షను స్పష్టంగా గుర్తించింది. ఉద్దేశం ఉందా లేదా అన్నది కాదు, పైకి అందరికీ ఒకటిగా ఉన్న ప్రమాణం చరిత్రలో వెనక్కి నెట్టబడినవారి మీద అధిక భారం మోపుతోందా అన్నది చూడాలని చెప్పింది. లింగ వివక్ష సందర్భంలో వచ్చిన ఈ తర్కాన్ని విపత్తు పరిహారం నిబంధనలకు, ముఖ్యంగా గుడిసె నిర్వచనానికి, అధీకృత నిర్మాణం షరతుకు వర్తింపజేయమని అడగవలసిన సమయమిది. న్యాయశాస్త్రం చదివే దళిత, వెనుకబడిన వర్గాల విద్యార్థులు దీన్ని పరిశోధనాంశంగా తీసుకుంటే ఇంకా మంచిది.

అడగవలసినవి పెద్ద విషయాలు కూడా కావు. పూర్తిగా పోయిన నివాసానికి గుడిసె, కచ్చా, పక్కా తేడా లేకుండా ఒకే మొత్తం ఇవ్వాలి. ఆ మొత్తం తీర ప్రాంతపు గాలిని తట్టుకునే కప్పు ఖర్చును బట్టి నిర్ణయించాలి. పట్టా లేనిచోట రేషన్ కార్డు, ఓటరు జాబితా, కరెంటు బిల్లు వంటి నివాస రుజువులతో స్వీయ ధ్రువీకరణను ఒప్పుకోవాలి. అద్దెకుండేవారి సామాను నష్టాన్ని వేరుగా నమోదు చేయాలి. తుపాను కాలానికి ముందే రేకుల ఇళ్లకు కొక్కేలు, చూరు బిగింపులు ప్రభుత్వ ఖర్చుతో వేయించాలి. లాటరీ లేకుండా, కెరటానికి దగ్గరగా ఉన్న వాడ నుంచి మొదలుపెట్టి వేయించాలి. 2025-26తో ఈ నిబంధనల గడువు ముగుస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి పదహారో ఆర్థిక సంఘం కాలం. జనగణనలో కులాల లెక్క తీయడానికి కేంద్రం 2025 ఏప్రిల్ 30న ఒప్పుకుంది. ఆ లెక్కలో ఇంటి కప్పు దేనితో వేశారన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది, దాని పక్కన కులం గడి కూడా ఉండబోతోంది. ఆ రెండు గడులనూ కలిపి, తీర మండలాల వారీగా ప్రకటించమని ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని షెడ్యూల్డ్ కులాల, వెనుకబడిన తరగతుల సభ్యులు ఇప్పుడే తీర్మానం కోరవచ్చు.